ఆమెకు సీటు వచ్చింది, నాకు నడిపింపు రాలేదు

గుడారపు_మేకు | సోమవారం, రాత్రి 11:40

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నవాణ్ణే, రాయడం మాత్రం ఇదే మొదలు.

మాకు పెళ్ళయి పద్నాలుగు నెలలు. నా భార్యకి పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌లో రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి బ్రిటన్‌లో, ఏడాది కోర్సు. రెండోది జర్మనీలో, రెండేళ్ళది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఉద్యోగానికి లోటు లేదు. సండే స్కూల్లో పెద్ద పిల్లల క్లాసు నాది.

చదువు ఆమెది. నేను వెళ్తే వెంట వెళ్ళేవాణ్ణి, అంతే. ఇద్దరం నలభై రోజులుగా దీని గురించే ప్రార్థిస్తున్నాం. పాస్టరు గారు ప్రార్థన చేసి "ద్వారం తెరిచే ఉంది, వెళ్ళండి" అన్నారు. ఆమెకి మనసులో సమాధానం ఉంది. నాకు లేదు. రాత్రి చదివితే వెళ్ళమన్నట్టు ఉన్న వాక్యమే పొద్దున చదివితే ఉండమన్నట్టు ఉంటోంది. ఆఫర్ లెటర్ ప్రింటు తీసి బైబిల్లో యిర్మీయా 29 దగ్గర పెట్టాను. ఇప్పుడు బైబిలు ఎప్పుడు తెరిచినా ఆ పేజీయే వస్తోంది. దాన్ని దేవుని నడిపింపు అనుకోవాలో, కాగితం మందం అనుకోవాలో తెలియడం లేదు.

జర్మనీ వాళ్ళకి జవాబు చెప్పడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. నడిపింపు ఒకరికి వచ్చి ఇంకొకరికి రాకపోతే ఏం చేస్తారు?

అంత్య_బెంచీ | సోమవారం, రాత్రి 11:52

కాగితం మందమే బ్రదర్ 😄 తీసి పరమగీతంలో పెట్టండి, రేపు వేరే నడిపింపు వస్తుంది.

లెక్క_చూసుకో | మంగళవారం, ఉదయం 6:15

తమ్ముడూ, ప్రార్థన ఆపమనను. ఓ పది నిమిషాలు వీసా నిబంధనలు మాత్రం చదువు. నీ ప్రశ్నలో సగం అక్కడే తేలిపోతుంది.

బ్రిటన్: 2024 జనవరి 1 నుంచి మొదలయ్యే మామూలు మాస్టర్స్ కోర్సులకి భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్ళడానికి లేదు. పీహెచ్‌డీ, రీసెర్చ్ డిగ్రీలకీ ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్ళకీ మాత్రమే మినహాయింపు. ఆమెది ఏడాది కోర్సు అంటున్నావు కాబట్టి అక్కడ "ఇద్దరం వెళ్ళాలా" అన్న ప్రశ్నే లేదు. ఆమె ఒక్కతే వెళ్ళాలి. నలభై రోజులు దేవుణ్ణి అడిగిన దాంట్లో ఒక ముక్కకి జవాబు ప్రభుత్వ వెబ్‌సైట్లోనే ఉంది.

జర్మనీ: రెండేళ్ళ కోర్సు కాబట్టి భర్తకి ఫ్యామిలీ వీసా అడగొచ్చు. దానికి సాధారణంగా నువ్వు ఎ1 స్థాయి జర్మన్, అంటే భాషలో మొదటి మెట్టు, పాసవ్వాలి. వచ్చాక నువ్వు ఉద్యోగం చేసుకోవచ్చు, అది పెద్ద ఊరట. ఆమెకి చదువుతూ ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసే వీలుంది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి. అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి. అదీ ఆమె ఒక్కదానికి. నీ పోషణ ఎలాగో విడిగా చూపించాలి.

గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అన్నది నేను కాదు, లూకా 14:28.

వాక్యం_ముందు | మంగళవారం, ఉదయం 8:03

బాధపడొద్దు బ్రదర్, సూటిగా చెప్తాను. భర్త భార్యకి శిరస్సు, ఎఫెసీ 5:23. భార్య చదువు కోసం భర్త ఉద్యోగమూ పరిచర్యా వదిలి వెంట నడవడం ఏ క్రమం? మీకు సమాధానం లేదంటే ఆత్మ ఆపుతున్నట్టే. అబ్రాహాము శారాని తీసుకెళ్ళాడు, శారా అబ్రాహాముని తీసుకెళ్ళలేదు. ఇది దేవుని చిత్తమా, విదేశీ మోజా అని మీరే పరీక్షించుకోండి.

అంత్య_బెంచీ | మంగళవారం, ఉదయం 8:20

23తో ఆపేశారేంటి సార్? ఇంకో రెండు దిగితే 25 వస్తుంది. క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్టు భార్యని ప్రేమించమని భర్తలకి రాసింది. శిరస్సుకి ఉన్న పని అదీ.

అన్నట్టు, అబ్రాము శారయిని ఐగుప్తుకి తీసుకెళ్ళి "నా చెల్లెలని చెప్పు" అన్నాడు. ఆదికాండం 12లోనే ఉంది, పిలుపు వచ్చిన అధ్యాయంలోనే. ఆ ప్రయాణం గురించి శారయి ఏమనుకుందో మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఎఫ్2_లో_రెండేళ్ళు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

వెంట వెళ్ళడం అంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను. నేను ఆడదాన్ని, మీరు మగవారు. అయినా వీసా మీద ముద్ర మాత్రం ఇద్దరికీ ఒకటే, డిపెండెంట్ అని.

మా ఆయనకి అమెరికాలో పీహెచ్‌డీ వచ్చింది. పెళ్ళయిన ఆరో నెలలో నేను ఎఫ్-2 మీద, అంటే విద్యార్థి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వెళ్ళాను. ఎఫ్-2లో ఉద్యోగం చేయకూడదు. చదువు కూడా పార్ట్ టైం వరకే, పూర్తిస్థాయిలో చదవాలంటే విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాలి. ఇవన్నీ వెళ్ళక ముందే తెలుసు, కాగితం మీద చదివాను. మధ్యాహ్నం రెండింటికి అవి ఎలా ఉంటాయో మాత్రం తెలియదు. బట్టల మెషీన్ గుండ్రటి అద్దం ముందు కుర్చీ వేసుకుని, అది ఆగేదాకా చూస్తూ కూర్చునేదాన్ని. ఆ గంటలో కనీసం ఏదో ఒకటి పూర్తయ్యేది. ఆయన ల్యాబ్ నుంచి రాత్రి వచ్చి "ఏం చేశావు ఇవాళ?" అని ప్రేమగానే అడిగేవాడు. ఆ ప్రశ్న వింటే ఒళ్ళు మండేది.

విశ్వాసం ఏమయ్యిందంటారా? వెళ్ళేముందు నేను పట్టుకున్న వాక్యం రూతు 1:16, నీవు వెళ్ళే చోటికే నేనూ వస్తాను అన్నది. దాన్ని పెళ్ళిళ్ళలో కూడా చదువుతారు కదా. అక్కడ ఒక పెద్దావిడ నవ్వుతూ "అది మొగుడితో అన్న మాట కాదమ్మా, అత్తగారితో అన్నది" అంది. ఆ రోజు నవ్వాను గానీ తర్వాత కూర్చుని మళ్ళీ చదివాను. ఆ అత్తగారు నయోమి మూడుసార్లు వెనక్కి పొమ్మంది. రూతుని ఎవరూ లాక్కెళ్ళలేదు, తనే నిర్ణయించుకుంది. నన్ను మాత్రం "నువ్వు రావాలనుకుంటున్నావా" అని ఎవరూ అడగలేదు. మా ఆయన అడగలేదు, సంఘం అడగలేదు. నిజం చెప్పాలంటే నన్ను నేను కూడా అడుక్కోలేదు.

తర్వాత పార్ట్ టైంగా రెండు కోర్సులు చేశాను, క్యాంపస్‌లో బైబిల్ స్టడీ గుంపు దొరికింది, కొంచెం నిలదొక్కుకున్నాను. వెళ్ళొద్దని కాదు నేనంటున్నది. నీ సోమవారాలు అక్కడ ఎలా గడుస్తాయో ఒక కాగితం మీద రాసుకో తమ్ముడూ. నీవే, ఆమెవి కాదు.

లెక్క_చూసుకో | మంగళవారం, మధ్యాహ్నం 2:10

అక్కయ్య చెప్పింది అక్షరాలా నిజం. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ చేసేవాళ్ళ జీవిత భాగస్వామికి కోర్సు మొదలయ్యాక పని గంటలకి పరిమితి లేదు. కెనడాలో 2025 జనవరి 21 నుంచి 16 నెలలు, ఆపైన ఉండే మాస్టర్స్, పీహెచ్‌డీ, ఇంకొన్ని వృత్తివిద్యా కోర్సులు చదివేవాళ్ళ భాగస్వాములకే ఓపెన్ వర్క్ పర్మిట్ ఇస్తున్నారు. అందరికీ ఒకటే సలహా ఇచ్చేవాళ్ళని నమ్మకండి, నన్ను కూడా. అప్లై చేసే రోజున మళ్ళీ చూసుకోవాలి.

పాత_కాపరి | మంగళవారం, రాత్రి 9:05

బాబూ, వందనాలు. ముప్ఫై ఏళ్ళకు పైగా కాపరిగా ఉండి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. నీలాంటి జంటలు చాలామంది నా ముందు కూర్చున్నారు. నేను కూడా కొందరితో "ద్వారం తెరిచి ఉంది, వెళ్ళండి" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. తెరిచి ఉన్న ద్వారాలన్నీ మనకోసమే తెరిచినవి కావు.

"సమాధానం" అన్న మాట దగ్గర కాస్త ఆగు. బయట ఎవరినైనా అడిగితే సమాధానం అంటే జవాబు. మన బైబిల్లో అది శాంతి. మనమేమో రెంటినీ కలిపేసి, మనసు నెమ్మదిగా ఉంటే దేవుడు ఔనన్నట్టు, కలతగా ఉంటే కాదన్నట్టు అనుకుంటాం. యోనా ఓడ అడుగున హాయిగా నిద్రపోయాడు, దేవుడు చెప్పిన దిక్కుకి ఎదురు దిక్కున పోతూ. గెత్సెమనేలో ప్రభువు చెమట రక్తపు బొట్లలా పడింది, సరైన దారిలో ఉండి. నీ కలత ఆత్మ ఆపడం వల్ల కావచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం వల్ల కావచ్చు. "వెంట వెళ్ళేవాణ్ణి అంతే" అని రాశావే, ఆ "అంతే"లో ఉన్న చిన్నతనం వల్ల కూడా కావచ్చు. అందులో ఏదో పేరు పెట్టి దేవునితో చెప్పు. నాకు మూడోది గట్టిగా వినపడింది, తప్పయితే క్షమించు.

మీ విషయంలో నాకున్నవి మేలు ఉద్దేశాలే అనే ఆ యిర్మీయా 29:11 ఎవరికి రాశారో చూడు. బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్ళకి. దానికి ముందు వచనంలో డెబ్భై ఏళ్ళ మాట ఉంది. అంతకు పైన 5, 7 వచనాల్లో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోరండి అని ఉంది. ప్రయాణం పెట్టుకునేవాళ్ళ కోసం పలికిన మాట కాదది. ఇష్టం లేని చోట పడ్డవాళ్ళు అక్కడ ఎలా బతకాలో చెప్పిన మాట. నీకు పనికొస్తుంది, కానీ వెళ్ళాక.

విదేశంలో చదువు గురించే కావాలంటే దానియేలు మొదటి అధ్యాయం చదువు. కల్దీయుల విద్య, భాష, మూడేళ్ళ కోర్సు. ఆ కుర్రాళ్ళకి పేర్లే మార్చేశారు. వాళ్ళు చదువుని కాదనలేదు, పేర్ల గురించి గొడవ పడినట్టూ రాయలేదు. గీత గీసింది ఒక్క చోటే, రాజు భోజనం దగ్గర. దేనికి లొంగకూడదో ముందు దానియేలు తేల్చుకున్నాడు, దాని మీద కలిసి నిలబడ్డారు, నలుగురూ.

వాక్యం_ముందు | మంగళవారం, రాత్రి 10:12

అయ్యగారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. వాక్యంలో భార్య పని కోసం దేశం మారిన భర్త ఒక్కడైనా ఉన్నాడా?

పాత_కాపరి | బుధవారం, ఉదయం 5:30

భార్య పని కోసమే అని రాసి ఉన్నవాడు లేడు నాయనా. కానీ అకుల, ప్రిస్కిల్ల ఉన్నారు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞ వల్ల రోమా విడిచి కొరింథుకి, అక్కణ్ణుంచి పౌలుతో ఎఫెసుకి, రోమా పత్రిక నాటికి మళ్ళీ రోమాలో. ఇద్దరూ గుడారాలు కుట్టేవాళ్ళే. అపొల్లో అనే బోధకుడికి దేవుని మార్గం విశదంగా చెప్పింది ఇద్దరూ కలిసి. రోమా 16:3లో పౌలు ముందు రాసింది ఆమె పేరు. ఆ జంటలో ఎవరు ఎవరి వెంట వెళ్ళారో లేఖనం చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద సంగతి కాదనుకుంటాను.

ఇతను పెట్టుకున్న పేరు చూశావా, గుడారపు మేకు!

అంత్య_బెంచీ | బుధవారం, ఉదయం 9:44

ఒక చెత్త సలహా: గిద్యోనులా గొర్రెబొచ్చు పరచి దేవుణ్ణి గుర్తు అడగండి. "వీసా వస్తే నీ చిత్తం, రాకపోతే కాదు."

ఎఫ్2_లో_రెండేళ్ళు | బుధవారం, ఉదయం 10:30

చెత్త అని నువ్వే ఒప్పుకున్నావు, సంతోషం. గిద్యోనుకి ఏం చేయాలో దేవుడు ముందే చెప్పాడు, ఆ బొచ్చు అనుమానం తీరక పెట్టుకున్న షరతు. వీసా ఆఫీసులో కూర్చున్న మనిషి సంతకంలో దేవుని చిత్తం వెతికితే, తిరస్కరణ వచ్చిన రోజున దేవుడే తిరస్కరించాడనిపిస్తుంది. నాకు తెలిసిన ఒకమ్మాయి రెండేళ్ళు అదే బాధలో ఉండిపోయింది. అసలు సంగతి, ఒక బ్యాంకు కాగితం సరిగా జత చేయలేదు.

రెండో_నోటుబుక్కు | బుధవారం, రాత్రి 11:58

ఈ ఐడీ ఇప్పుడే తెరిచాను. ఆ భార్యని నేనే.

ఆయన ల్యాప్‌టాప్ మూయకుండా పడుకున్నారు, మొత్తం చదివాను. పొద్దున్నే చదివానని చెప్పేస్తాను. ముందు ఇక్కడ ఒక దిద్దుబాటు. నాకు సమాధానం ఉందని నేను ఎప్పుడూ అనలేదు. "నువ్వేమంటావ్?" అని ఆయన అడిగితే "సరే" అన్నాను. "సరే"ని ఆయన సమాధానం అని అనువాదం చేసుకున్నారు.

మేం చెరో నోటుబుక్కు పెట్టుకున్నాం, ప్రార్థన అయ్యాక తోచింది రాసుకోవాలని. నలభయ్యో రోజు కలిపి చూసుకుందాం అనుకున్నాం. చూసుకోలేదు. ఇద్దరికీ భయం. నాదాంట్లో తొమ్మిదో రోజు రాసింది: "ఆయన్ని అడగాల్సింది దేవుణ్ణి అడుగుతున్నాను." ఇరవై మూడో రోజు: "ఆయన వచ్చి ఖాళీగా కూర్చుంటే నన్ను ఒక్క మాట అనరు. అనకపోవడమే నా భయం."

ఇంకో సంగతి. ఇంతమంది ఇన్ని రాశారు, ఆ చదువు నాకెందుకని ఒక్కరూ అడగలేదు. మూడేళ్ళు క్షయ రోగుల రికార్డులు కంప్యూటర్లో ఎక్కించే పని చేశాను. మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపేసినవాళ్ళ వరుస స్క్రీన్ మీద ఎర్రగా మారేది. ఎక్కువమంది కాస్త తేరుకోగానే ఆపేసేవాళ్ళు, రెండో నెలా మూడో నెలా అప్పుడు. దగ్గు తగ్గింది, పనికి పోవాలి, అంతే. ఆ ఎర్ర వరుసల్లో మనుషుల పేర్లు చదువుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని. అది ఎలా ఆపాలో నేర్పే చదువు ఇది. నాకు దర్శనం రాలేదు, స్వరం వినపడలేదు. దేవుడు నాతో మాట్లాడి ఉంటే ఆ ఎర్ర వరుసల్లోనే మాట్లాడాడు.

మోజు కాదండీ, వాక్యం_ముందు గారూ.

వాక్యం_ముందు | గురువారం, ఉదయం 7:15

సిస్టర్, ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించండి. క్రమం గురించి నా అభిప్రాయం అలాగే ఉంది. మోజు అన్నది మాత్రం వెనక్కి తీసుకుంటున్నా.

పాత_కాపరి | గురువారం, ఉదయం 7:50

అమ్మా, అడగనిది నా తప్పు కూడా. అబ్బాయి రాశాడు కాబట్టి అబ్బాయికే జవాబు చెప్పాను.

అపొస్తలుల కార్యములు 16 ఇద్దరూ కలిసి చదవండి. ఆసియలో వాక్యం చెప్పొద్దని ఆత్మ ఆపాడు, బితూనియకి వెళ్ళబోతే వెళ్ళనివ్వలేదు. తర్వాత రాత్రి దర్శనం. దర్శనం చూసింది పౌలు ఒక్కడే. పదో వచనంలో మాత్రం "మేము" అని నిశ్చయించుకున్నట్టు ఉంటుంది. ఒకడు చూశాడు, అందరూ కూర్చుని తేల్చుకున్నారు. దర్శనంలో పిలిచింది మాసిదోనియ మగవాడు, తీరా వెళ్తే మొదట విన్నది నది ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ళు. అదే అధ్యాయంలో దెబ్బలు, చెరసాల కూడా ఉన్నాయి. కష్టం వస్తే దారి తప్పామని మాత్రం అనుకోవద్దు.

నోటుబుక్కులు మార్చుకోండి. నేను చెప్పగలిగింది అదే.

అంత్య_బెంచీ | గురువారం, ఉదయం 8:02

నేను ఇంక జోకులు వేయను. ఈ ఒక్క రోజుకి.

లెక్క_చూసుకో | శనివారం, రాత్రి 8:40

చడీచప్పుడు లేదేంటి? తమ్ముడూ, ఇంకా పదమూడు రోజులుంది.

గుడారపు_మేకు | తర్వాతి గురువారం, రాత్రి 10:25

ఆలస్యానికి క్షమించండి. రాయడానికి ఏమీ లేక కాదు.

ఆ గురువారం పొద్దున్నే తనే చెప్పింది, చదివానని. ముందు కోపం వచ్చింది, దాచడం ఎందుకు. ఆ రోజు ఆఫీసుకి వెళ్ళలేదు. నోటుబుక్కులు మార్చుకుని, చెరో గదిలో కూర్చుని చదువుకున్నాం. నాదాంట్లో ముప్పావు వంతు ప్రశ్నలే, అన్నీ పైకి చూసి అడిగినవే. పక్కన కూర్చున్న మనిషిని అడిగింది ఒక్కటీ లేదు. ఎర్ర వరుసల సంగతి నాకు తెలుసనుకునేవాణ్ణి. ఆ ఉద్యోగం చేసిందని తెలుసు, అంతే. పేర్లు చదువుకుంటూ ఇంటికి వచ్చేదని తెలియదు.

పాత కాపరి గారూ, మూడోదే. "అంతే"లో ఉన్న చిన్నతనమే. సండే స్కూలు క్లాసు వదల్లేక అనుకున్నాను, వదిలితే నన్ను ఏమని పరిచయం చేస్తారో అన్నదే అసలు బాధ.

అక్కా, మీరు చెప్పినట్టు నా సోమవారాలు రాశాను. మొదటి కాగితం సగం దాకా వచ్చి ఆగిపోయింది. రెండోసారి ఇద్దరం కూర్చుని రాశాం.

బ్రిటన్‌కి కాదని రాసేశాం, జర్మనీకి ఔనని రాశాం. అక్టోబరులో సెమిస్టర్ మొదలు, తను ముందు వెళ్తుంది. నేను ఎ1 పూర్తి చేసుకుని వెనకాల వెళ్తాను. ఆ కొన్ని నెలలు ఉద్యోగంలోనే ఉంటాను, డబ్బు లెక్క కూడా అలాగే కుదిరింది. ద్వితీయోపదేశకాండం 24:5లో కొత్తగా పెళ్ళయినవాడు ఏడాది ఇంటి దగ్గరే ఉండి భార్యని సంతోషపెట్టాలని ఉంది కదా. మాకు ఆ ఏడాది దాటి రెండు నెలలయింది, ఎంత సంతోషపెట్టానో మాత్రం తనని అడగకండి.

నాకు ఇప్పటికీ ఆ "సమాధానం" రాలేదు. నిన్న క్లాసు పెద్ద పిల్లాడికి తాళం చెవి ఇచ్చేటప్పుడు చెయ్యి కొంచెం వణికింది.

జర్మన్ మొదలుపెట్టాను. తెలిసిన దాంతో మొదలుపెట్టమని తను అంటే 23వ కీర్తన తెరిచాం. "డెర్ హెర్ ఇస్ట్ మైన్ హిర్టె." నేను చదివితే తను నవ్వుతోంది, "హెర్" దగ్గర గొంతు సవరించుకుంటున్నట్టు ఉందట.

రెండో_నోటుబుక్కు | గురువారం, రాత్రి 10:41

సవరించుకుంటున్నట్టు కాదు, గొంతులో ఏదో అడ్డం పడినట్టు.

ఎఫ్2_లో_రెండేళ్ళు | గురువారం, రాత్రి 11:05

చెల్లీ, ఆ ముందు వెళ్ళే నెలల్లో రోజూ ఫోన్ చేస్తావు, అది ఎలాగూ తప్పదు. "ఏం చేశావు ఇవాళ?" అని మాత్రం అడగకు. "ఇవాళ ఏం చూశావు?" అని అడుగు. మేం అది కనిపెట్టేసరికి రెండేళ్ళు పట్టింది. దిగగానే క్యాంపస్‌లో విశ్వాసుల గుంపు కోసం వెతుక్కో. జర్మనీ యూనివర్సిటీల్లో ఎస్.ఎం.డీ. అని క్రైస్తవ విద్యార్థుల సంఘం ఉంటుంది, 1947లో మొదలైన ఐ.ఎఫ్.ఇ.ఎస్. అనే అంతర్జాతీయ విద్యార్థి సహవాసంలో అదీ ఒక భాగం. ఆయన వచ్చేదాకా ఆగొద్దు.

మోడరేటర్ | శుక్రవారం, ఉదయం 9:00

చర్చ పక్కదారి పట్టకుండా నడిపినందుకు అందరికీ వందనాలు. దీన్ని "విశ్వాసం" విభాగం నుంచి "వీసా, కాగితాలు" విభాగానికి మార్చమంటారా?

గుడారపు_మేకు | శుక్రవారం, ఉదయం 9:12

మార్చేయండి సార్. మ్యారేజ్ సర్టిఫికెట్ జర్మన్ అనువాదం ఎవరితో చేయించారో అడగాలి. ఎ1లో రాతపరీక్ష కష్టమా, మాట్లాడేది కష్టమా?